పల్లెదారి ప్రయాణానికి తోడు వచ్చే టెలిస్కోపిక్ గాలపు కర్ర

పొలాల మధ్య సాగే పల్లెదారిలో, చెరువు కనిపించిన చోట కారు ఆపి కాసేపు గాలం వేయాలనుకునే వారికి, భాగాలన్నీ ఒకదానిలోకి ఒకటి జరిగిపోయే ఈ కార్బన్ ఫైబర్ కర్ర ఎంతో అనువైనది. ముడిస్తే చేతిసంచిలో పట్టేస్తుంది. తెరిచేటప్పుడు కొన వైపున్న సన్నని భాగంతో మొదలుపెట్టి, దారం నడిచే రింగులన్నీ ఒకే వరుసలోకి వచ్చేలా తిప్పి బిగించాలి. మూసేటప్పుడు పిడి వైపు నుంచి రావాలి. గట్టు మీది ఇసుక రేణువు ఒక్కటి అతుకులో చిక్కినా కర్ర కరకరలాడుతూ బిగుసుకుపోతుంది కనుక, మూసే ముందు ప్రతి భాగాన్నీ తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వడం తప్పనిసరి. చిన్న చేప ఎరను ముట్టినా ఆ కదలిక అరచేతికి తెలుస్తుంది. నాకు అన్నింటికన్నా నచ్చిన గుణం ఇదే. అతుకులు ఎక్కువైనందున రెండు ముక్కల కర్రకుండే నిండైన వంపు దీనికి లేదు, కాబట్టి పెద్ద చేపల కోసం దీన్ని నమ్ముకోవడం మంచిది కాదు. కార్బన్ గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది కనుక, దారి పక్కన సాగే కరెంటు తీగల కింద దీన్ని ఎట్టి పరిస్థితిలోనూ చాచకూడదు.