ఎం.ఎం.టి.ఎస్.కు ఏది మేలు: వేగం పెంచడమా, విడి లైన్లు వేయడమా?

సికింద్రాబాద్–లింగంపల్లి మధ్య రోజూ తిరిగే మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: రైళ్ల వేగం పెంచితే సర్వీసులు కూడా పెరగవా? 2003లో హైదరాబాద్‌లో మొదలైన ఈ ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైళ్లకు ఆ మార్గంలో సొంత పట్టాలు లేవు. ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బండ్లు నడిచే లైన్ల మీదనే ఇవీ నడవాలి.

రెండు కిలోమీటర్లకొక స్టేషన్ ఉన్నచోట గరిష్ఠ వేగాన్ని గంటకు 80 నుంచి 100 కిలోమీటర్లకు పెంచినా, వేగం అందుకోవడానికీ బ్రేకు వేయడానికీ పట్టే సమయం పోగా స్టేషన్‌కు మిగిలేది నా లెక్కలో 8 సెకన్లకు మించదు. పైగా బ్రేకు దూరం సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది గనుక బండికీ బండికీ మధ్య ఎడం పెంచాలి. ఆగకుండా దూరం పోయే బండ్లకు మాత్రం ఈ పెంపు నిజంగా ఉపకరిస్తుంది; ఖర్చు కూడా కొత్త లైను కంటే తక్కువే.

అసలు చిక్కు వేగాల మధ్య తేడాలో ఉంది. 24 కిలోమీటర్ల దారిలో లోకల్‌కు 40 నిమిషాలు, ఎక్స్‌ప్రెస్‌కు 20 నిమిషాలు పడుతుందనీ, బండ్ల మధ్య కనీసం 4 నిమిషాల ఎడం ఉండాలనీ అనుకుందాం. లోకల్ బయలుదేరిన 24 నిమిషాలకు గాని ఎక్స్‌ప్రెస్‌ను వదలలేము; ముందే వదిలితే అది గమ్యం చేరేలోపే లోకల్‌కు మరీ దగ్గరైపోతుంది. మరో 4 నిమిషాలకు, అంటే మొత్తం 28 నిమిషాలకు, తరువాతి లోకల్. అంటే ఆరు లోకళ్లు వెళ్లగల వ్యవధిని ఒక్క ఎక్స్‌ప్రెస్ తీసుకుంటుంది. లోకల్‌ను లూప్ లైనులో, అంటే స్టేషన్‌లోని పక్క పట్టాల మీద, నిలిపి ఎక్స్‌ప్రెస్‌ను ముందుకు పంపవచ్చు, కానీ ఆ ఆలస్యాన్ని మోసేది ఉద్యోగానికి పోయే ప్రయాణికుడే. ఆటోమేటిక్ సిగ్నళ్లను దగ్గర చేసి ఎడాన్ని 3 నిమిషాలకు తగ్గించినా, ఆ 28 నిమిషాలు 26 అవుతాయి, అంతే.

ముంబైలో లోకల్ రైళ్లు అంత దగ్గరగా నడవగలగడానికి స్లో, ఫాస్ట్ బండ్లకు వేరువేరు లైన్లుండటం ముఖ్య కారణం. ఠాణే–దివా మధ్య 2022లో అయిదో, ఆరో లైన్లు కూడా వచ్చాయి. కోచ్‌లు పెంచితే జనం ఎక్కువమంది పడతారు, నిరీక్షణ తగ్గదు.

భూమి దొరకడం కష్టమే, ఖర్చూ పెద్దదే. అయినా నా మొగ్గు విడి లైన్ల వైపే. ఎం.ఎం.టి.ఎస్. రెండో దశలో మెరుగుపరచిన సనత్‌నగర్–మౌలాలి లైను సికింద్రాబాద్ మీది భారాన్ని తగ్గించగలదు గాని, సనత్‌నగర్ దాటాక లింగంపల్లి దాకా అన్ని బండ్లూ మళ్లీ ఒకే జంట లైను మీదికి చేరతాయి. కొత్త పట్టాలు ముందుగా పడవలసింది అక్కడే.