300 జీఎస్ఎం కాటన్ కాగితం: ఐదేళ్లు వాడాక, కాకినాడ నుంచి

రిటైరయ్యాక నీటిరంగులు మొదలుపెట్టేవాళ్లు ముందు ట్యూబులకీ కుంచెలకీ డబ్బు ఖర్చు పెడతారు. నేనూ అలాగే చేశాను. మామూలు డ్రాయింగ్ కాగితం మీద రెండేళ్లు వేశాను. ఆకాశం సగం పరిచేసరికి మొదటి సగం ఆరిపోయేది, మధ్యలో గట్టిగా ఒక గీత పడేది. తప్పు నా చేతిదే అనుకున్నాను.

నూరు శాతం కాటన్ కాగితం, అంటే పత్తి పీచుతో చేసిన, చదరపు మీటరుకు 300 గ్రాములు (జీఎస్ఎం) తూగే మందపాటి కాగితం మీద వేసిన మొదటి రోజే తెలిసింది, చెయ్యి బాగానే ఉందని. తడిపితే ఆ తడి చాలాసేపు నిలుస్తుంది. అరవై దాటిన చేతికి కావాల్సింది ఆ కాస్త వ్యవధే. అల్ట్రామెరీన్ నీలంలో కొంచెం బర్న్ట్ సియెన్నా అనే గోధుమరంగు కలిపి పరిస్తే, నీలం రేణువులు కాగితం గరుకులోని గుంటల్లోకి దిగి సన్న రవ్వలా కూర్చుంటుంది. మా దగ్గరి ఉప్పాడ తీరంలో తడి ఇసుక అచ్చం అలాగే ఉంటుంది. దాని కోసం నేను విడిగా ఏమీ చేయక్కర్లేదు. పొరపాటు పడితే తడి కుంచెతో రంగు ఎత్తేయొచ్చు, పొర లేవదు. ఈ ఆనందంలో, కాగితం మంచిదైతే మిగతావన్నీ వాటంతటవే వస్తాయని కనబడిన వాళ్లందరికీ చెప్పాను.

ఆ ఉత్సాహంలోనే ఆఫర్‌లో ఒకేసారి 20 షీట్లు తెప్పించాను. షీటు 600 రూపాయల దాకా పడింది. అట్టపెట్టెతో సహా బీరువా మీద పెట్టాను. రెండు వానాకాలాలు అక్కడే ఉంది.

నాతో బ్యాంకులో పనిచేసిన ఒకమ్మాయి వచ్చి, "అక్కా, ఉప్పాడలో మా అమ్మమ్మ ఇల్లు సముద్రంలో కలిసిపోయింది. ఈ ఫోటో ఒక్కటే ఉంది, రంగుల్లో వేసిస్తావా?" అని అడిగింది. నలుపు తెలుపు ఫోటో, పెంకుటిల్లు, ముందు అరుగు. పెట్టె దించి మొదలుపెట్టాను. ఆకాశం పరిచిన నిమిషానికల్లా మశూచి మచ్చల్లా ముదురు చుక్కలు తేలాయి. నీళ్లు మార్చాను, ప్యాలెట్ కడిగాను, ఇంకో షీటు తీశాను. మళ్లీ అవే చుక్కలు. నాలుగుసార్లు పోయింది. కళ్లలో శుక్లాలేమోనని టెన్షన్ పట్టుకుని డాక్టరుకి చూపించుకున్నాను. కళ్లు బాగానే ఉన్నాయన్నారు.

చివరికి ఒట్టి నీటి చుక్కతో తేలింది. నా దగ్గర మిగిలిన పాత ముక్క మీద ఒక చుక్క వేస్తే ముత్యంలా నిలబడింది. పెట్టెలోని షీటు మీద వేస్తే అద్దుడు కాగితంలా పీల్చేసింది. కాగితం తయారుచేసేటప్పుడు జెలటిన్ లాంటి జిగురు పట్టిస్తారు. రంగును పైన పట్టి ఉంచేది అదే. మా సముద్రపు తేమలో ఆ జిగురు చచ్చిపోయింది. అమ్మినవాళ్లని అడిగితే, నిల్వ బాధ్యత మాది కాదన్నారు. తేమ తగలకుండా దాచమని పెట్టె మీద ఒక్క ముక్క రాసి ఉంటే నా 12,000 మిగిలేవి. ఆ కోపం ఇంకా పోలేదు.

పాడైన షీట్లు పారేయలేదు. వాటి మీద ఇంకు పెన్నుతో గీసి, తక్కువ నీళ్లతో కూరగాయలు, పడవలు వేశాను. కాగితం సంగతి ముందే చెప్పి 150కి ఇచ్చాను. మంచి షీటునైతే ఎనిమిది ముక్కలు చేసి, ఏడున్నర బై పదకొండు అంగుళాల బొమ్మ 500కి ఇస్తాను. కాగితానికి 75, రంగులకీ, బొమ్మ చుట్టూ అంచులా పెట్టే మౌంటు అట్టకీ మరికొంత. ఫ్రేము నేను కట్టించను, దాని ధర బొమ్మ ధరను దాటిపోతుంది. మౌంటు మాత్రం మానొద్దని చెబుతాను, లేకపోతే తేమకి కాగితం అద్దానికి అంటుకుంటుంది. మా పాలాయన తన గేదె బొమ్మ కొనుక్కుంటూ, "ఇది ప్రింటు కాదు కదండీ?" అని వేలితో ఆ గరుకు తడిమి చూశాడు. ఆయన ఇంట్లో దేవుడి క్యాలెండరు పక్కన గోడకెక్కిన మొదటి చేతిబొమ్మ అది. ఆ 500 ధర పెంచమని మా అబ్బాయి అంటాడు, నేను పెంచను.

అందరూ ఇదే కొనాలా అంటే, ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. నాకు పెన్షన్ ఉంది, ఇల్లు సొంతం. కొత్తవాళ్లు షీటు ధర తలచుకుంటే చెయ్యి బిగుసుకుపోతుంది. వాళ్లు సాధనకి మామూలు కాగితమే వాడుకుని, నలుగురికీ ఇచ్చే బొమ్మకి ఇది తీయడం మేలు. అనంతపురం లాంటి పొడి ఊళ్లో ఉంటే నాకొచ్చిన బాధ రాకపోవచ్చు, కానీ ఆ ఎండకి తడి త్వరగా ఆరుతుంది కాబట్టి నాకు దొరికిన వ్యవధి వాళ్లకి దొరక్కపోవచ్చు.

నేను ఇప్పుడు మూడేసి షీట్లే తెప్పించి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో జిప్ కవర్లో బిగించి ట్రంకుపెట్టెలో పెడుతున్నాను. బొమ్మ మొదలుపెట్టే ముందు మూలన ఒక నీటి చుక్క వేసి చూస్తాను. అమ్మమ్మ ఇల్లు ఐదోసారి కొత్త షీటు మీద కుదిరింది. అరుగు నీడ దగ్గర మాత్రం రెండుసార్లు రంగు ఎత్తాల్సి వచ్చింది.