కప్పు అడుగా, సాన బండా, సానరాయా? మైక్రోస్కోప్ కింద కత్తి అంచు

మా ఇంట్లో కత్తి మొద్దుబారిన సంగతి ముందుగా చెప్పేది టమాటా. ఉల్లిపాయతో, బెండకాయతో ఎలాగోలా నెట్టుకొచ్చే కత్తి, టమాటా తొక్క దగ్గరికి వచ్చేసరికి జారుతుంది. ఇంకాస్త నొక్కితే కాయ తెగదు, చితుకుతుంది. "ఒరేయ్, ఇది కత్తా, పప్పుగుత్తా?" అని అమ్మ అడిగిందంటే ఆ రోజు పదును పెట్టాల్సిందే.

ఎలా పెట్టాలన్న దగ్గరే గొడవ. అమ్మ పింగాణీ కప్పు బోర్లించి దాని అడుగున రుద్దుతుంది. నాన్న వీధిలోకి సాన బండి వచ్చేదాకా ఆగుతారు. మా ఆవిడ సందులో పెట్టి లాగే షార్పనర్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించింది. నేను సానరాయి కొన్నాను. ఎవరి మాట వాళ్లదే అయ్యేసరికి, పిల్లాడి సైన్స్ ప్రాజెక్టు కోసం కొన్న యూఎస్‌బీ మైక్రోస్కోప్‌ను వంటింట్లోకి తెచ్చాను. ఒకే రకం చౌక స్టీలు కత్తులు నాలుగు కొన్నాను. నాలుగింటినీ గ్రానైట్ గట్టు మీద గీసి మొద్దు చేశాను. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ వంటింటి కత్తి ఉక్కు కంటే గట్టిది, అందుకే ఆ పని నిమిషంలో అయిపోయింది. చాపింగ్ బోర్డు లేకుండా గట్టు మీదే కూరలు తరిగేవాళ్లు రోజూ చేస్తున్నది ఇదే. నాపరాయి గట్టయితే కాస్త నయం. అది సున్నపురాయి జాతి, ఉక్కు కంటే మెత్తన. అదే కారణంగా నాపరాయి మీద ఎంత రుద్దినా పదును కూడా రాదు.

మైక్రోస్కోప్ గురించి ముందే రెండు మాటలు. డబ్బా మీద "1000 ఎక్స్" అని రాసి ఉంటుంది, నమ్మకండి. ఇలాంటి వాటితో నిజంగా పనికొచ్చేది అందులో చిన్న వంతే. కత్తి కదలకుండా ఉండటానికి నేను చపాతీ పిండి ముద్దలో గుచ్చి నిలబెట్టాను. మైక్రోస్కోప్ సొంత లైటు ఆపేసి, పక్కనుంచి టార్చి వేస్తేనే గీతలు లేచి కనబడతాయి. ఇంకో పరిమితి కూడా ఉంది. బాగా పదునైన అంచు మందం ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే తక్కువ. తల వెంట్రుక మందం దానికి యాభై రెట్ల పైనే. కాంతితో చూసే మైక్రోస్కోప్ ఎంత ఖరీదైనదైనా దాదాపు 0.2 మైక్రాన్ దగ్గర ఆగిపోతుంది, నా బొమ్మలాంటిది ఇంకా చాలా ముందే ఆగుతుంది. కాబట్టి నాకు కనబడేది పదును కాదు. గీతలు, పెచ్చులు, అంచున వేలాడే రేకు, ఇవే కనబడతాయి. తీర్పు చెప్పే పని టమాటాకే వదిలాను.

ఆ రేకు సంగతే అసలు కథ. ఒక వైపు అరగదీసేకొద్దీ అంచు దగ్గర ఉక్కు పల్చబడి రెండో వైపుకు వాలిపోతుంది. దాన్ని బర్ అంటారు. కంటికి ఆనదు కానీ, కత్తి వీపు వైపు నుంచి అంచు వైపుకు బొటనవేలు అడ్డంగా జార్చితే చిన్నగా పట్టుకుంటుంది (అంచు పొడవునా మాత్రం వేలు జార్చకండి, తెగుతుంది). బర్ వచ్చిందంటే ఆ వైపు అరుగుదల అంచుదాకా చేరిందని గుర్తు. మంచి గుర్తే కానీ, దాన్ని తీసెయ్యకపోతే రెండు రోజుల్లో విరిగి కత్తి మళ్లీ మొదటికొస్తుంది.

సాన బండి కత్తి చూడగానే ఇదే కనబడింది. తొక్కితే తిరిగే చక్రం మీద పెట్టిన అంచు, 40 రూపాయలు. అంచుకు అడ్డంగా లోతైన చాళ్లు, దుక్కి దున్నిన పొలంలా ఉంది. అంచు పొడవునా పెద్ద రేకు ఒక వైపుకు వాలి ఉంది. ఆ రోజు టమాటా వెన్నలా తెగింది. నాన్న మీసం మెలేశారు. మూడో రోజుకు రేకు అక్కడక్కడ ఊడి అంచు తునకలు తునకలుగా కనబడింది, టమాటా మళ్లీ జారింది. ఇంకో సంగతి, కత్తి మొన దగ్గర ఉక్కు రంగు మారింది. నీళ్లు లేకుండా తిరిగే చక్రం మీద ఎక్కువసేపు ఉంచితే సన్నటి మొన చాలా వేడెక్కుతుంది. మామూలు ఉక్కు ఓ 300 డిగ్రీల దగ్గర నీలం తిరుగుతుంది, అంతవరకు వెళ్లిందంటే అక్కడి గట్టిదనం కొంత పోయినట్టే. అలాగని అతన్ని తీసిపారేయను. పెద్ద పెచ్చులు లేచిన కత్తి, కత్తెర, కొడవలి ఇవన్నీ రాయి మీద గంటలు పట్టే పనులు, చక్రం మీద నిమిషాలు. మధ్యమధ్యలో నీళ్లలో ముంచమని అడగండి, ఇంటికి తెచ్చాక ఆ రేకు పోవడానికి తోలు మీద నాలుగుసార్లు లాగండి. తరువాతి కత్తికి అలాగే చేస్తే మొన రంగు మారలేదు, పదునూ మూడో రోజుకే పోలేదు.

లాగుడు షార్పనర్ గురించి తొందరగా చెప్పేస్తాను. అందులో వీ ఆకారంలో పెట్టినవి టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కలు. అవి ఉక్కును సాన పట్టవు, గీకేస్తాయి. మైక్రోస్కోప్ కింద గీతలు అంచుకు అడ్డంగా కాకుండా అంచు వెంబడే పోయాయి, అంచేమో చింపిన కాగితంలా ఉంది. ఆ చింపిరి పళ్ల వల్లే మొదటిరోజు టమాటా తెగుతుంది. అయిదు సెకన్ల పని, నిజమే. కానీ ప్రతిసారీ ఉక్కు చాలా పోతుంది, పిడి దగ్గరి కాస్త భాగం సందులోకి దూరక మొద్దుగానే మిగులుతుంది. ఏళ్ల తరబడి వాడిన కత్తిని బోర్డు మీద నిలబెడితే ఆ చోట కింద వెలుతురు కనబడుతుంది. అక్కడ కొత్తిమీర కాడలు తెగకుండా దండలా వేలాడతాయి. కొన్నది మా ఆవిడ కాబట్టి ఇంతకంటే రాయను.

ఇక అమ్మ కప్పు. నిజం చెప్పాలంటే ఇది ఓడిపోతుందని అనుకునే మొదలుపెట్టాను. కప్పు అడుగున మెరుగు పూయని గరుకు వలయం ఉంటుంది చూడండి, అది కాల్చిన పింగాణీ. ఉక్కును అరగదీసేంత గట్టిది, రవ్వ కూడా సన్ననిది. అమ్మ చేతి కింద వచ్చిన అంచులో గీతలు నా రాయి గీతల కంటే మరీ ముతకగా లేవు. తేడా ఎక్కడంటే, వలయం సన్నం కాబట్టి కత్తి ఒక్క చుక్క మీదే ఆనుతుంది, కోణం ఊగిపోతుంది. అందుకే అంచు దగ్గర పలక (అంచు వైపుకు వాలుగా అరగదీసిన భాగం) ఒకటి కాకుండా మూడు నాలుగు చిన్న పలకలు కనబడ్డాయి. అయినా టమాటా తెగింది. వారానికోసారి అయిదారుసార్లు రుద్దుకునే ఇంటికి ఇది చాలు, పైసా ఖర్చు లేదు. పూర్తిగా మొద్దుబారిన కత్తిని మాత్రం కప్పు బతికించలేదు. అంత ఉక్కు తీసే శక్తి దానికి లేదు.

రాయి విషయంలో నాకు రెండు పాఠాలు. నాది ఒక వైపు 1000, ఇంకో వైపు 6000 గ్రిట్. 1000 అంటే రవ్వ సుమారు 15 మైక్రాన్లు, 6000 అంటే రెండు మూడు మైక్రాన్లు. మొదటిసారి అరగంట రుద్దినా కత్తి తెగలేదు. పలకకు నల్ల మార్కర్ రాసి నాలుగుసార్లు రుద్ది, మైక్రోస్కోప్ కింద పెట్టాక తెలిసింది: పైన సిరా పోయింది, అంచు దగ్గర సిరా అలాగే ఉంది. అరగంట పాటు కత్తి భుజాన్ని, అంటే పలక పై భాగాన్ని, రుద్దానన్నమాట. కోణం సరిచేసుకున్నాను. కత్తి వెడల్పు 45 మిల్లీమీటర్లుంటే, వీపును రాయి నుంచి 12 మిల్లీమీటర్లు లేపితే 15 డిగ్రీలు, 15 లేపితే దాదాపు 20 డిగ్రీలు. చిటికెన వేలు దూరేంత సందు అని గుర్తు. మన స్టీలు కత్తులకు 20 దగ్గరగా ఉంటేనే అంచు నిలుస్తుంది, మరీ పల్చన చేస్తే వాలిపోతుంది.

రెండో పాఠం నా గర్వానికి. 6000 వైపు మెరుగు పెట్టాక మైక్రోస్కోప్ కింద అంచు అద్దంలా ఉంది. ఫొటో తీసి అందరికీ పంపాను. కాగితం గాలిలో పట్టుకుంటే తెగింది, ముంజేతి మీద వెంట్రుకలు తెగాయి. వారం వాడాక అదే కత్తి టమాటా తొక్క మీద జారడం మొదలెట్టింది. 1000 దగ్గరే ఆపి, పాత తోలు బెల్టు మీద పదిసార్లు వెనక్కి లాగిన కత్తి మాత్రం ఇంకా పట్టుకుంటోంది. ఆ సన్న గీతలే అంచు దగ్గర పళ్లలా పనిచేస్తాయి. తొక్కను కోసేటప్పుడు కత్తిని ముందుకూ వెనక్కూ లాగుతాం కాబట్టి పళ్లు కావాలి. అద్దం అంచు క్షవరానికి, ఉలికి, తిన్నగా నొక్కి కోసే పనికి. మైక్రోస్కోప్ కింద అందంగా కనబడింది కదా అని కూరగాయలు ఒప్పుకోవు.

బెల్టు మీద లాగడం వల్ల ఏమవుతుందో అయోవా స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జాన్ వెర్‌హోవెన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూశారు. 2004లో రాసిన నివేదికలో రకరకాల సాన పద్ధతుల అంచులను ఫొటోలతో పోల్చారు. బర్ ఎంత మొండిదో అందులో కనబడుతుంది. 2020లో అమెరికాలోని ఎమ్‌ఐటీ యూనివర్సిటీ వాళ్లు ఇంకో చిక్కు విప్పారు. ఉక్కు కంటే సుమారు 50 రెట్లు మెత్తనైన వెంట్రుక, బ్లేడును ఎలా మొద్దు చేస్తుంది? అంచు అంతటా సమానంగా అరగడం ముఖ్య కారణం కాదట. ఉక్కు లోపల గట్టిదనం ఒకేలా లేని చోట వెంట్రుక వంగి ఒక కోణంలో తగిలితే చిన్న పెచ్చు లేస్తోంది. ఇది చదివాక, "కూరగాయలకే కత్తి ఎలా అరుగుతుందిరా?" అన్న అమ్మ ప్రశ్నను తీసిపారేయడం మానేశాను.

నా వరస ఇది: 1000 రాయి, తరువాత తోలు. దాని వెనకే కప్పు. మూడోది సాన బండి, కానీ చెడిపోయిన కత్తికి అదే మొదటిది. లాగుడు షార్పనర్ చివరిది. రాయి ఖరీదనుకుంటే హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు వైపుల కార్బొరండం రాయి చాలు, సన్న వైపు వాడండి. మైక్రోస్కోప్ కొనాలా? సరదా ఉంటే తప్ప అక్కర్లేదు. ట్యూబ్‌లైటు కింద అంచు పైకి పెట్టి తిన్నగా చూడండి. తెల్లటి గీత మెరిసిందంటే అక్కడ మొద్దు. పదునైన అంచుకు వెలుతురును తిప్పికొట్టేంత మందం ఉండదు.

కత్తిపీట ఒక్కటి ఈ పోటీలోకి రాలేదు. దాని అంచు కూడా చూద్దామని మైక్రోస్కోప్ పట్టుకుని వెళ్లాను. అమ్మ పీట మీద కూర్చుని వంకాయలు తరుగుతోంది. "ఆ గొట్టం పక్కన పెట్టి ఉప్పునీళ్ల గిన్నె ఇలా ఇవ్వు, కాయలు నల్లబడుతున్నాయి" అంది.