ఛత్తా బజార్‌లో బైండింగ్ చేయించాను: మూడు సంపుటాలు, 23 రోజులు

హైదరాబాద్ ఛత్తా బజార్‌లో పెళ్ళి కార్డుల దుకాణాలు దాటి పురానీ హవేలీ వైపు వెళ్తుంటే ఒక సన్నటి సందులో ఈ బైండింగ్ షాపు ఉంది. బోర్డు లేదు. బయట అట్టముక్కల కట్టలు, లోపల ఒక కటింగ్ మిషను, ఒక పెద్దాయన, ఆయన మనవడు. కార్డుల షాపువాళ్ళను అడిగితే చూపిస్తారు.

నేను తీసుకెళ్ళింది మా నాన్న కాగితాలు. ఆయన ఇంటర్ కాలేజీలో చరిత్ర లెక్చరర్. ఎమర్జెన్సీ పెట్టినప్పుడు ఆయనకు ముప్పై ఏళ్ళు. 21 నెలలకు ఎత్తేశారు. ఎత్తేయకుండా ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న మాత్రం ఆయన్ని వదల్లేదు. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో ఏళ్ళ తరబడి కూర్చుని వెతికి వెతికి దక్షిణ అమెరికాలోని పరాగ్వే దేశం దగ్గర ఆగారు. అక్కడ ఆల్‌ఫ్రెడో స్ట్రోస్నర్ అనే సైనికాధికారి 1954లో గద్దెనెక్కి 35 ఏళ్ళు దిగలేదు. అత్యవసర పరిస్థితిని 90 రోజులకోసారి పొడిగించుకుంటూ రాజధాని అసున్సియోన్‌లో 1987 దాకా నడిపాడు. ఆ లెక్కన 130 సార్లకు పైగా అని నాన్న ఒక పేజీలో భాగహారం చేసి పెట్టారు.

పదకొండు లాంగ్ నోట్‌బుక్‌లు, గుండుసూదులు గుచ్చిన పేపర్ కటింగులు ఒక గోనెసంచి నిండా. నాన్న పోయాక విద్యానగర్ ఇల్లు ఖాళీ చేస్తుంటే సంచి చిరిగి మొత్తం మెట్ల మీద పడ్డాయి. దొరికినవి దొరికినట్టు ఎత్తి కట్టగట్టాను. దగ్గర్లో ఉన్న ఒక జిరాక్స్ షాపులో స్పైరల్ వేస్తామన్నారు, కట్ట విప్పి కూడా చూడలేదు. మనసొప్పక ఇక్కడికి వచ్చాను.

ఇచ్చిన మూడో రోజు పెద్దాయన ఫోన్ చేశారు. "తారీఖులన్నీ ఉల్టా పల్టా ఉన్నయమ్మా. ఒక్కసారి కుట్టినంక మళ్ల విప్పరాదు. నువ్వొచ్చి చూసుకో." ఆయనకు తెలుగు చదవడం రాదు. అంకెలు మాత్రం చూశారు. 1989 కింద 1932, దాని కింద 1973. అంకెలు అలా వెనక్కీ ముందుకీ పోకూడదని ఆయనకు అనిపించింది. నేను ఈ షాపు గురించి రాయడానికి కారణం ఇదొక్కటే అనుకున్నా తప్పులేదు. కుట్టేముందు కాగితం వంక చూసే మనిషి ఆయన.

రెండు ఆదివారాలు ఆ షాపులో స్టూలు మీద కూర్చున్నాను. మనవడు తుప్పుపట్టిన గుండుసూదులు ఒక్కొక్కటే కాగితం చిరక్కుండా తిప్పి తిప్పి లాగి డబ్బాలో వేస్తున్నాడు. నేను తేదీలు పెడుతున్నాను. నాన్న ముప్పై ఏళ్ళు రాసింది బతికుండగా ఎప్పుడూ కూర్చుని చదవలేదు. పేర్చాలంటే చదవాల్సొచ్చింది.

మొదటి కట్ట 1912లో మొదలవుతుంది. ఎన్‌కార్నసియోన్ అనే ఊళ్ళో, బవేరియా నుంచి వలసొచ్చిన జర్మన్ తండ్రికి, పరాగ్వే తల్లికి స్ట్రోస్నర్ పుట్టాడు. సైనిక పాఠశాలలో ఉండగానే 1932లో బొలీవియాతో చాకో యుద్ధం వచ్చింది. బొకెరోన్ పోరులో ఉన్నాడు, పతకాలు వచ్చాయి. ఫిరంగిదళం అతని చదువు, అతని బలం. 1947 అంతర్యుద్ధంలో సైన్యంలో ఎక్కువమంది అధికారులు తిరగబడితే, అధ్యక్షుడు మోరినిగో పక్కన నిలబడ్డ కొద్దిమందిలో ఇతనొకడు. మరుసటి ఏడాది లెక్క తప్పింది. విఫలమైన ఒక కుట్రలో ఇరుక్కుని కారు డిక్కీలో దాక్కుని బ్రెజిల్ రాయబార కార్యాలయానికి చేరాడు. జనం 'కర్నల్ డిక్కీ' అని పేరు పెట్టారు. నాన్న ఈ వాక్యం కింద రెండు గీతలు గీసి, "ఇక్కడితో అయిపోవాలి. కాలేదు. ఎందుకు?" అని రాసుకున్నారు.

ఎందుకో తర్వాతి పేజీలు చెప్తాయి. దేశంలో పాలకులు ఆరేసి నెలలకు మారిపోతున్న రోజులవి. ఓడినవాడు కూడా వచ్చే గుంపుకు పనికొస్తాడు. ఏడాది తిరక్కుండా వెనక్కి వచ్చి, ఫెదెరికో చావెస్‌ను అధికారంలోకి తేవడంలో చెయ్యి వేసి, 36 ఏళ్ళకే బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. 1951లో సర్వసైన్యాధ్యక్షుడు. 1954 మేలో ఆ చావెస్‌నే కూలదోశాడు. జూలైలో ఎన్నిక, పోటీలో ఒక్కడే అభ్యర్థి. ఆగస్టు 15న ప్రమాణం. ఆ తేదీ పక్కన నాన్న ఏమీ రాయలేదు, తేదీ చుట్టూ సున్నా చుట్టారంతే.

రెండో కట్ట ఎక్కువ బరువు. సైన్యం, కొలరాడో పార్టీ, పోలీసులు, మూడూ ఒక్క చేతిలో. ఉద్యోగం కావాలన్నా పార్టీ సభ్యత్వం ఉండాలి. వీధుల్లో తిరిగే వేగులను గ్వరానీ భాషలో 'పిరాగ్వే' అనేవారట, అంటే వెంట్రుకల పాదాలవాళ్ళు, అడుగుల చప్పుడు వినిపించనివాళ్ళు. 1957లో కట్టిన కొత్త ఊరికి తన పేరే పెట్టుకున్నాడు, విమానాశ్రయానికీ తన పేరే. 1973లో బ్రెజిల్‌తో ఇతైపు ఆనకట్ట ఒప్పందం. ఎనిమిదిసార్లు 'ఎన్నిక'. రెండుసార్లకు మించి ఉండకూడదని రాజ్యాంగంలో తానే రాయించి, 1977లో తానే తీయించాడు.

అక్కడే మార్తిన్ అల్మాదా పేజీలు. ఆయన టీచరు. చదువుల గురించి రాసిన సిద్ధాంత వ్యాసం దేశద్రోహమని 1974లో పట్టుకెళ్ళారు. హింసించేటప్పుడు ఆయన అరుపులు ఫోన్‌లో భార్య సెలెస్తీనాకు వినిపించారు. ఆమె గుండె ఆగి చనిపోయింది. నాన్న దస్తూరీ ఎప్పుడూ ముత్యాల్లా ఉంటుంది. ఈ రెండు పేజీల్లో మాత్రం పాళీ కాగితాన్ని చీల్చింది. అవతలి వైపు వేలు పెడితే తగులుతుంది. పెద్దాయన ఆ కాగితాన్ని దీపం వైపు ఎత్తి చూసి, వెనక పల్చటి టిష్యూ కాగితం అంటించారు. అడగకుండానే.

ఆ అల్మాదాయే 1992 డిసెంబరు 22న ఒక న్యాయమూర్తిని వెంటబెట్టుకుని అసున్సియోన్ పక్కన లంబారే పోలీసు స్టేషనుకు వెళ్ళాడు. అక్కడ గుట్టలుగా రిజిస్టర్లు, ఫొటోలు, పట్టుకొచ్చినవాళ్ళ పేర్లు, లక్షల కాగితాలు దొరికాయి. ఇప్పుడు వాటిని 'భయానక పత్రాగారం' అంటారు. చిలీ, అర్జెంటీనా నియంతలతో కలిసి మనుషుల్ని వేటాడిన ఆపరేషన్ కాండోర్‌కు కాగితం మీద సాక్ష్యం అక్కడే దొరికింది. ఇది చెప్తే పెద్దాయన దబ్బనం ఆపి అడిగారు: "మరి కాల్చెయ్యలే ఎందుకు?" నాన్న రాసింది చదివి వినిపించాను: "అడిగేవాడు ఒకడొస్తాడని వాళ్ళు అనుకోలేదు." ఆయన తల ఊపి మళ్ళీ కుట్టు మొదలుపెట్టారు.

ఇక పని సంగతి. జుజ్‌బందీ కుట్టు, అంటే మడతలను కలిపి నూలుదారంతో వెన్నులోంచి కుట్టడం. పుస్తకం బల్ల మీద పూర్తిగా తెరుచుకుంటుంది, చేత్తో నొక్కి పట్టుకోనక్కర్లేదు. కటింగులను విడిగా మందపాటి కాగితాల మీద అంటించి వాటినీ మడతల్లో కలిపారు. బంక మైదాపిండి ఉడికించినదే, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపారు. వెన్నుకూ మూలలకూ ముదురాకుపచ్చ రెక్సిన్, మిగతా అట్టకు కాలికో గుడ్డ. మూడు నెలలైంది, ఒక్క మూల లేవలేదు.

లోపాలూ ఉన్నాయి. పదిరోజులన్నారు, 23 పట్టింది. అందులో నా పేర్పుడు ఆలస్యం కొంత. మిగతాది పెళ్ళిళ్ళ సీజను పని పైన పడటం. ఫోన్ చేస్తే ఎత్తరు, మనమే వెళ్ళాలి. రెండోది నాకు నిజంగా బాధ కలిగించింది. మూడో సంపుటం అంచులు కోసేటప్పుడు మనవడు అరంగుళం ఎక్కువ కోశాడు. 1989 ఫిబ్రవరి పేజీ అది. స్ట్రోస్నర్‌ను ఫిబ్రవరి 2 రాత్రి తిరుగుబాటు చేసి దించింది జనరల్ ఆంద్రెస్ రోద్రిగెస్. అతని కూతురు ఇతని కోడలు. నాన్న అంచులో "వియ్యంకుడే" అని రాశారు. ఇప్పుడు "వియ్యంకు" దాకా ఉంది, "డే" లేదు. కోతముక్కల బుట్టలో గంటసేపు వెతికాం, దొరకలేదు. పెద్దాయన మనవణ్ణి తిట్టలేదు, తప్పు తనదేనన్నారు. 2,250 రూపాయల్లో 250 తగ్గించారు. డబ్బు వద్దన్నా వినలేదు.

వెన్ను మీద బంగారు అక్షరాల్లో ఏం వేయాలని అడిగినప్పుడు చాలాసేపు ఆలోచించాను. స్ట్రోస్నర్ పేరు వేయబుద్ధి కాలేదు. ఊరికి, విమానాశ్రయానికి ఉన్న ఆ పేరును అక్కడి జనమే తీసేశారు. ఆ ఊరు ఇప్పుడు సియుదాద్ దెల్ ఎస్తే. అతను విచారణకు నిలబడకుండానే 2006లో బ్రెజిల్‌లో ప్రవాసంలో, 93 ఏళ్ళ వయసులో పోయాడు. మా అల్మరాలో అతనికి బంగారు అక్షరాలెందుకు? "పరాగ్వే" అని, కింద సంపుటం అంకె, దాని కింద నాన్న పేరు వేయించాను. తెలుగు అచ్చులు ఆయన దగ్గర లేవు, పక్క కార్డుల షాపు నుంచి తెచ్చి వేశారు. "గ్వే" కొంచెం పైకి ఉంది. పర్వాలేదు.

వెళ్ళేవాళ్ళకు: శుక్రవారం మధ్యాహ్నం మూసి ఉంటుంది. మెట్రోలో ఎంజీబీఎస్‌లో దిగి నయాపూల్ మీదుగా నడవొచ్చు. ఈ నెలాఖరుకు నేను నాన్న 1975–77 డైరీలు రెండు తీసుకెళ్తున్నాను. ఈసారి ప్రతి పేజీకీ నంబరు వేశాను. అంచు దాకా రాత ఉన్నచోట ఎర్ర పెన్సిలుతో గీత పెట్టాను.