కారుతున్న చెవిలో మందుల దుకాణం వాళ్లు ఇచ్చిన చుక్కలు వేయకండి

బెంగళూరులో, ముఖ్యంగా మారతహళ్లి వైపు ఉండే మనవాళ్ల కోసం రాస్తున్నాను. దుకాణం పేరు చెప్పను. చెబితే అదొక్కటి మానేసి పక్కదానికి వెళ్తారు, అక్కడ జరిగేదీ ఇదే.

మా పాపకు ఆరేళ్లు. నాలుగు రోజుల రొంప తరువాత ఒక ఆదివారం రాత్రి కుడి చెవి పట్టుకుని ఒకటే ఏడుపు. క్లినిక్కులు మూసి ఉన్నాయి, వీధి చివర మందుల దుకాణం తెరిచి ఉంది. "చెవిపోటేగా అక్కా, దీనికి డాక్టరు దాకా ఎందుకు?" అన్నాడు దుకాణం అతను, చక్కటి తెలుగులో. పరాయి ఊళ్లో ఇంటి భాష వినపడగానే నాకు సగం ధైర్యం వచ్చేసింది. పాప బరువెంత, జ్వరం ఉందా, చెవి కారుతోందా అని అతను అడగలేదు. పిల్లలకు యాంటీబయాటిక్ మోతాదు బరువును బట్టి ఉంటుందని తెలిసి కూడా నేను చెప్పలేదు. సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ పొడి ఉన్న సీసాలో గీత దాకా తనే నీళ్లు పోసి, కుదిపి, "పూటకు అర మూత" అన్నాడు. దాంతో పాటు చుక్కల మందు ఒకటి ఇచ్చాడు. బిల్లు లేదు.

తెల్లవారేసరికి నొప్పి పోయింది, దిండు మీద పసుపు మరక. "చీము వచ్చేసిందిగా, ఇక తగ్గినట్టే" అన్నారు కర్నూలు నుంచి ఫోనులో మా అత్తయ్య. నేనూ అదే అనుకుని చుక్కలు వేస్తూ, మూడో రోజుకు సిరప్ మానేశాను (ఆ రుచికి పాప చేసే గొడవ భరించలేక). నిజానికి నొప్పి తగ్గింది కర్ణభేరికి చిల్లు పడి, లోపల బిగిసిన చీముకు దారి దొరికినందుకు.

ఆరో రోజు బడికి పంపుతూ రెండు జడలు వేస్తున్నాను. ఎడమ పక్క బాగానే అయింది. కుడి పక్క దువ్వెన తగలగానే కెవ్వుమంది. జుట్టు తొలగించి చూస్తే చెవి వెనక ఉండాల్సిన మడత లేదు. ఎర్రగా, నున్నగా ఉబ్బి ఉంది. ఎదురుగా నిలబెట్టి చూస్తే ఆ చెవి ఒక్కటే ముందుకు, కిందికి తోసినట్టు ఉంది.

ఈఎన్‌టీ డాక్టరు చూడగానే చేర్చుకోమన్నారు. చెవి వెనక మాస్టాయిడ్ ఎముకలో తేనెపట్టులా గాలి గదులుంటాయి, వాటిలోకి చీము పాకిందని సీటీ స్కాన్‌లో తేలింది. ఆ ఎముక అవతల ఉండేది మెదడే. నరం ద్వారా మందులు ఎక్కించి, చీము బయటికి తీశారు. ఆరు రోజులు ఆసుపత్రిలోనే.

ముక్కు వెనక నుంచి చెవికి వెళ్లే గొట్టం పిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుందట, అందుకే రొంప ఇంత సులువుగా చెవికి దిగుతుంది. అది ఎవరి తప్పూ కాదు. తప్పు చుక్కల దగ్గర జరిగింది. సీసా తిప్పి చూసిన డాక్టరు ముఖం మారింది. అందులో జెంటమైసిన్ అనే యాంటీబయాటిక్, స్టెరాయిడ్ ఉన్నాయి. కర్ణభేరికి చిల్లు ఉన్నప్పుడు జెంటమైసిన్ లోపలి చెవిలోకి చేరి వినికిడిని దెబ్బతీయవచ్చు. చిల్లు ఉందో లేదో చెవిలో పరికరం పెట్టి చూడకుండా ఎవరికీ తెలియదు, కౌంటరు వెనక నిలబడ్డవాడికి అసలే తెలియదు.

తిరిగి వెళ్లి అడిగాను. "మీరు అడిగారు, మేము ఇచ్చాం" అన్నాడు. ఈసారి అక్కా అనలేదు. సెఫిక్సిమ్ 2014 మార్చి నుంచి హెచ్1 షెడ్యూలులో, అంటే అమ్మకంపై గట్టి నియంత్రణ ఉన్న మందుల ప్రభుత్వ జాబితాలో ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. రిజిస్టరు చూపించమంటే లోపలికి వెళ్లిపోయాడు. ఔషధ నియంత్రణ అధికారులకు ఫిర్యాదు చేద్దామంటే నా చేతిలో బిల్లు లేదు. మీరు ఏ మందు కొన్నా బిల్లు అడగండి, ఇవ్వకపోతే మందు అక్కడే వదిలేసి రండి.

పెద్దలూ మినహాయింపు కాదు. అదే వార్డులో మధుమేహం ఉన్న ఒకాయన గొంతునొప్పికి ఇలాగే మాత్రలు కొని మింగి, చివరకు నోరు తెరవలేని స్థితిలో వచ్చారు. ఉమ్మి మింగలేకపోయినా, గొంతు మూసుకుపోయినట్టు మాట మారినా, జలుబుతో పాటు కంటి చుట్టూ వాచినా ఆ రాత్రే అత్యవసర విభాగానికి వెళ్లండి.

పాపకు మొదటి వినికిడి పరీక్షలో కుడి చెవి కాస్త తక్కువ చూపించింది. అది చీము వల్లా, చుక్కల వల్లా అన్నది ఇప్పుడే చెప్పలేమన్నారు. రెండో పరీక్ష వచ్చే నెల.