మొక్కజొన్నలో తుంగ మందు: కొన్నేళ్లు వాడాక

మా మొక్కజొన్న చేలో తుంగ కలుపు తిష్ట వేసి చాలా కాలమైంది. హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం, అదే కొట్లో తుంగ మందు అని అడిగితే ఇచ్చేది, కొన్నేళ్లుగా వాడుతున్నా. పెట్టిన డబ్బుకు తగ్గ పనే చేస్తుంది. కాకపోతే తొందరపడేవాళ్లు కొనకపోవడమే మంచిది.

కొట్టిన మర్నాడు వెళ్లి చూస్తే తుంగ నిగనిగలాడుతూనే ఉంటుంది. వారానికి సుడి ఆకు పసుపు తిరుగుతుంది. పూర్తిగా ఎండడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా మందు పనిచేయలేదని టెన్షన్ పడి చాలామంది గుంటక తోలేస్తారు. అక్కడే చెడుతుంది. ఆకు పీల్చిన మందు గడ్డల దాకా దిగాలి కదా! నేల కింద ఆ గడ్డలన్నీ గొలుసుగా ఉంటాయి. మధ్యలో తెంపితే మందు కిందికి పోదు, పైగా విడిపోయిన గడ్డలు మళ్లీ మొలకేస్తాయి.

ఎండిన కుదురు ఒకటి తవ్వి చూశా. పైనున్న గడ్డ నల్లబడి వేళ్ల మధ్య నలిగిపోయింది. లోతులో ఉన్నది గోరుతో గిల్లితే లోపల తెల్లగా, గట్టిగానే ఉంది. ఒక్క పంటతో పీడ విరగడవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మాకు చాపలా పరుచుకున్నది ఇప్పుడు అక్కడక్కడా కుదుళ్లకు తగ్గింది, అంతే.

ఎకరానికి 36 గ్రాములు. ఆ కాస్త పొడిని పంపుకింత అని చిటికెలతో వేయడం దండగ పని. ప్యాకెట్ మొత్తం 5 లీటర్ల నీళ్లలో కలుపుకుని, 15 లీటర్ల పంపుకు అర లీటరు చొప్పున పోస్తే పది పంపులకు సరిపోతుంది. తుంగ మూడు నాలుగు ఆకుల మీద ఉండాలి, నేలలో పదును ఉండాలి. బెట్టలో కొడితే డబ్బు నేలపాలే.

ఊద, గరిక లాంటి గడ్డి కలుపును ఇది ముట్టుకోదు. ఊదకు మేం టెంబోట్రయాన్ అనే మరో కలుపు మందు వేరుగా కొడతాం, ఖర్చు రెండింతలు. గ్లైఫోసేట్ అనే కలుపు మందు అయితే అన్నింటినీ చంపుతుంది, పంటతో సహా. దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలని 2022లో కేంద్రం నోటిఫికేషన్ కూడా ఇచ్చింది. మా గట్ల మీద గరికను ఇప్పటికీ పారతోనే చెక్కిస్తున్నాం.