కైట్ కోసం ఎలక్ట్రిక్ పంపు కొంటున్నారా? స్క్రీన్ మీది అంకెను నమ్మి నీళ్లలోకి దిగకండి

కైట్‌బోర్డింగ్ (గాలి నింపిన పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నీళ్లపై జారే ఆట) చేసేవాళ్లలో ఎవరైనా బ్యాటరీ పంపు కొందామనుకుంటుంటే, డబ్బు కట్టే ముందు ఇది పూర్తిగా చదవండి. నేను పడ్డ ఇబ్బంది ఇంకొకరు పడకూడదనే రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఒకే రకం యంత్రం రకరకాల పేర్లతో అమ్ముడవుతుండే సరుకు ఇది. ఒక పేరు గుర్తుపెట్టుకుని దాన్ని కొననంత మాత్రాన తప్పించుకోలేం, ఏం చూడాలో తెలియాలి.

డబ్బా మీద రాతలన్నీ ఘనంగానే ఉన్నాయి. గరిష్ఠంగా 20 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత), ఆటో స్టాప్, కైట్లకూ వింగులకూ ప్యాడిల్ బోర్డులకూ పనికొస్తుందని. 8 పీఎస్‌ఐ దగ్గర సెట్ చేసి బటన్ నొక్కితే పంపు గట్టిగా మోగి, స్క్రీన్ మీద 8 చూపించి, దానంతటదే ఆగింది. కానీ లీడింగ్ ఎడ్జ్ (కైట్ ముందు అంచున ఉండే లావాటి గాలి ట్యూబు) మీద వేలితో మీటగానే తేడా తెలిసిపోయింది. సరిగ్గా గాలి పట్టిన ట్యూబు శ్రుతి చేసిన మద్దెలలా ఖంగున పలకాలి. ఇదేమో డొప్పు డొప్పుమంటోంది. కైట్ చివర పట్టుకుని కాస్త వంచితే ట్యూబు మీద ముడత పడుతోంది. విడిగా ఉన్న ప్రెషర్ గేజ్ తెచ్చి పెట్టి చూస్తే 5 దాటి కొంచెం, అంతే. మళ్లీ పంపు తగిలిస్తే కొద్ది క్షణాలు తిరిగి, 8 అని చూపించి ఆగిపోయింది. దాని లెక్కలో పని అయిపోయినట్టే.

ఆ మాత్రం తేడాకు ఇంత టెన్షన్ ఎందుకని అనుకోకండి. ఈ కైట్లలో ఆకారాన్ని నిలబెట్టే పుల్లలు, కడ్డీలు ఏమీ ఉండవు. ముందు అంచున ఉన్న ఆ ట్యూబు, దానికి అడ్డంగా ఉండే స్ట్రట్లు అనే చిన్న ట్యూబులు, వాటిలోని గాలి, అంతే. 1984లో ఫ్రాన్స్‌కు చెందిన బ్రూనో, డొమినిక్ లెగేన్యూ సోదరులు గాలి నింపే కైట్‌కు పేటెంట్ దరఖాస్తు చేశారు. నీళ్లలో పడ్డ కైట్ తేలుతూ ఉండి, మళ్లీ పైకి లేవగలగడం దానిలోని గొప్పతనం. ట్యూబు మెత్తగా ఉంటే ఆ గుణమే పోతుంది. గాలి ఒక్కసారిగా విసిరితే లీడింగ్ ఎడ్జ్ మధ్యలో మడత పడుతుంది, కైట్ చెప్పినట్టు వినదు, నీళ్లలో పడ్డాక లేవనంటుంది. ఒడ్డుకు దూరంగా ఉన్నప్పుడు సెల్ఫ్ రెస్క్యూలో (మనంతట మనమే ఒడ్డుకు చేరుకునేటప్పుడు) మనం పట్టుకుని తేలేది కూడా ఆ ట్యూబునే కదా.

మరి పంపు 8 అని ఎందుకు చూపిస్తోంది? సెన్సర్ ఉండేది పంపు దగ్గర, కైట్ లోపల కాదు. గాలి జోరుగా పోతున్నప్పుడు సన్నని నాజిల్ దగ్గర అడ్డుపడి, గొట్టంలో ఒత్తిడి కైట్‌లో కంటే ఎక్కువగా ఉంటుంది. పంపు ఆ గొట్టంలోని ఒత్తిడిని చూసి ‘నిండిపోయింది’ అనుకుని ఆగిపోతుంది. పంపుతో వచ్చిన అడాప్టర్ (కైట్ వాల్వ్‌లో పెట్టే ముక్క) రంధ్రం చిటికెన వేలు కూడా పట్టనంత సన్నం, అసలు తిప్పలు అక్కడే ఉన్నాయి. దీనికి తోడు, లీడింగ్ ఎడ్జ్ నుంచి స్ట్రట్లకు సన్నని పైపుల ద్వారా గాలి వెళ్లే కైట్లలో, పంపు వేగంగా కొడితే ముందు పెద్ద ట్యూబు నిండుతుంది. స్ట్రట్లలోకి గాలి మెల్లగా పాకేసరికి మొత్తం ఒత్తిడి కిందికి దిగుతుంది. అందుకే పంపు ఆగిన తర్వాత ఒక నిమిషం ఆగి, విడి గేజ్‌తో కొలవండి. ఆ కొలత వస్తేనే లెక్క.

వేడి సంగతి చాలామంది పట్టించుకోరు గానీ, నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. ఆ పంపు తిరిగే కొద్దీ గొట్టం మొదలు దగ్గర చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. గాలిని నొక్కితే వేడెక్కడం సహజమే, చిన్న మోటారు అయితే దాని వేడి కూడా తోడవుతుంది. అనుకుందాం, ట్యూబులో గాలి 45 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు 7 పీఎస్‌ఐ చూపించింది. అదే కైట్ నీళ్ల మీద 25 డిగ్రీలకు చల్లబడితే, లెక్క ప్రకారం 5.6 దగ్గరికి వచ్చేస్తుంది. ఎక్కడా లీకు లేదు, వాల్వ్ బాగానే ఉంది, అయినా కైట్ మెత్తబడింది. దీనికి తిరకాసు కూడా ఉంది. చల్లగా ఉన్నప్పుడు నిండా కొట్టి, ఎండలో వదిలేస్తే అదే లెక్కలో ఒత్తిడి పెరుగుతుంది. పాత బ్లాడర్ (ట్యూబు లోపలి గాలి తిత్తి) అయితే కుట్టు దగ్గర పగిలిపోయే ప్రమాదం ఉంది.

ఎంత ఒత్తిడి పెట్టాలనేదానికి ఊహలు వద్దు. చాలా కైట్ల మీద వాల్వ్ దగ్గరో, చివరనో ముద్రించే ఉంటుంది. మామూలుగా 6 నుంచి 9 పీఎస్‌ఐ మధ్య ఉంటుంది. చిన్న కైట్‌కు ఎక్కువ, పెద్ద కైట్‌కు తక్కువ. ట్యూబు లావు పెరిగే కొద్దీ అదే ఒత్తిడికి గుడ్డ మీద, కుట్ల మీద పడే లాగుడు పెరుగుతుంది కాబట్టి పెద్ద కైట్‌కు చిన్నదాని అంకె పెట్టకూడదు. పంపు యూనిట్లు కూడా చూసుకోండి. కొన్నిటిలో బటన్ పొరపాటున నొక్కుకుంటే పీఎస్‌ఐ కాస్తా బార్‌గా మారిపోతుంది. 7 పీఎస్‌ఐ అంటే 0.48 బార్, 48 కిలోపాస్కల్. అదే ఒక బార్ అంటే 14.5 పీఎస్‌ఐ, కైట్ తట్టుకునేది కాదు.

‘20 పీఎస్‌ఐ’ అనే మాట చూసి మురిసిపోవాల్సిన పని లేదు. కైట్‌కు కావలసింది గాలి పరిమాణం. ఒక లెక్క వేసి చూడండి: 18 సెంటీమీటర్ల సగటు వ్యాసం, 7 మీటర్ల పొడవు ఉన్న ట్యూబులో దాదాపు 178 లీటర్ల చోటు ఉంటుంది. దాన్ని 7 పీఎస్‌ఐకి తేవాలంటే బయటి గాలి 260 లీటర్లకు పైగా కావాలి. స్ట్రట్లు ఇంకా లెక్కలోకి రాలేదు. కారు టైర్లకు వాడే చిన్న పంపు నిమిషానికి 30 లీటర్లు ఇస్తుందనుకున్నా, ఒత్తిడి పెరిగే కొద్దీ అది కూడా తగ్గిపోతుంది. పది నిమిషాలు ఏకబిగిన తిరిగితే అది కాలిపోయినట్టే. గాలి పరుపులకు వాడే పంపుతోనూ పని కాదు, అది పరిమాణం ఇస్తుంది గానీ ఒత్తిడి ఒక పీఎస్‌ఐ కూడా దాటదు. మనకు కావలసింది ముందు వేగంగా నింపి, తర్వాత ఒత్తిడి పెంచే రెండు దశల పంపు. ప్యాడిల్ బోర్డు పంపుల్లో ఇలాంటివి ఉన్నాయి. కానీ వాటి మామూలు నాజిల్ కైట్ వాల్వ్‌కు పట్టదు. మీ కైట్ వాల్వ్‌కు సరిపోయే నాజిల్ అందులోనే ఉందా, లోపలి రంధ్రం ఎంత వెడల్పు అని అమ్మేవాళ్లను సూటిగా అడగండి. ‘అన్నిటికీ సరిపోతుంది’ అనే జవాబు వస్తే పక్కకు తప్పుకోండి.

బ్యాటరీ విషయంలో మిల్లీఆంపియర్ అవర్ అంకె చూసి మోసపోవద్దు. 10,000 అని రాసి ఉంటే, 3.7 వోల్టుల దగ్గర అది 37 వాట్ అవర్లే. అదే 11.1 వోల్టుల ప్యాక్ అయితే 111. అంకె ఒక్కటే, శక్తి మూడింతలు తేడా. వాట్ అవర్లు రాయని పంపు కొనకండి. విమానంలో తీసుకెళ్లాలన్నా అదే అంకె కావాలి: 100 లోపు అయితే అనుమతి అక్కర్లేదు, 100 నుంచి 160 వరకు ఎయిర్‌లైన్ ఒప్పుకోవాలి, విడి బ్యాటరీలు మాత్రం ఎప్పుడూ చేతి సామానులోనే. కారు సాకెట్‌తో నడిచేది కొంటే ఫ్యూజు ఎన్ని ఆంపియర్లకు ఉందో కూడా చూడండి.

ఇంకో ప్రమాదం గురించి డబ్బా మీద ఒక్క ముక్క రాయరు. చేతి పంపు కొట్టేటప్పుడు కైట్‌ను దాని తాడుకు తగిలిస్తాం, పంపు మీద మనిషి నిలబడి ఉంటాడు, కైట్ ఎక్కడికీ పోదు. బ్యాటరీ పంపు పెట్టామంటే మనం పక్కకెళ్లి కైట్ తాళ్లు సర్దుకుంటూ ఉంటాం. అంత చిన్న యంత్రం గాలిలో కైట్‌ను ఆపలేదు. సగం నిండిన కైట్ ఎగిరి తీరంలో ఎవరి మీదైనా పడొచ్చు. పంపు తిరుగుతున్నంతసేపూ కైట్‌ను మీ హార్నెస్‌కు (ఒంటికి కట్టుకునే పట్టీకి) తగిలించుకోండి, లేదా తోడున్నవాళ్లను పట్టుకోమనండి. ఆటో స్టాప్ పనిచేయకపోతే ఆపడానికి కూడా అక్కడ మనిషి ఉండాలి.

ఇక డబ్బు వెనక్కి అడిగినప్పుడు జరిగింది చెబుతాను. పంపు స్క్రీన్, పక్కనే విడి గేజ్, రెండూ ఒకే ఫ్రేములో కనబడేలా వీడియో తీసి పంపాను. ముందు ‘మీ గేజ్ తప్పు’ అన్నారు. వేరే గేజ్‌తో మళ్లీ తీసి పంపితే, ‘పంపు పంపండి, పరీక్షిస్తాం’ అన్నారు. పంపాక వచ్చిన జవాబు ఏమిటంటే, గాలి పీల్చే చోట ఇసుక దొరికింది కాబట్టి వారంటీ వర్తించదట. తీరంలో వాడమని కైట్ బొమ్మ వేసి అమ్మిన వస్తువుకు ఇసుక తగలకూడదా! షరతుల కాగితం చిట్టచివర, చిన్న అక్షరాల్లో, ‘ఇసుక, ఉప్పు నీరు వల్ల కలిగే నష్టం’ అన్న వాక్యం ఉంది. పైగా తిరిగి పంపే ఖర్చు నా మీదే పడింది. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను, జవాబు ఇంకా రాలేదు.

కాబట్టి వారంటీ కాగితంలో ఆ ఇసుక వాక్యం ఉందో లేదో కొనకముందే చదవండి. గాలి పీల్చే చోట జాలీ ఉందా, దాన్ని విప్పి శుభ్రం చేయొచ్చా చూడండి. వాడేటప్పుడు పంపును నేల మీద కాకుండా బ్యాగు మీదో, బోర్డు మీదో పెట్టండి. పంపు ఇంటికి రాగానే, తిరిగి ఇచ్చే గడువు ఉండగానే, తీరానికి తీసుకెళ్లకముందే ఇంట్లోనే కైట్‌ను నింపి విడి గేజ్‌తో కొలవండి. వీడియో తీసుకోండి. ఇసుక అంటని పంపును వెనక్కి ఇస్తే వాళ్లకు చెప్పడానికి సాకు ఉండదు.

చేతి పంపును మాత్రం బ్యాగులోంచి తీసేయకండి. నేను ఇప్పుడు దాంతోనే కొడుతున్నాను. మీ దగ్గర సరిగ్గా పనిచేస్తున్న బ్యాటరీ పంపు ఉంటే, స్క్రీన్ అంకె, విడి గేజ్ అంకె, కైట్ సైజు మూడూ కలిపి రాయండి.